శ్యామ్ బెనెగల్

శ్యామ్ బెనెగల్ 1934వ సంవత్సరమున సికింద్రాబాదు చెంతనున్న తిరుమలగిరిలో జన్మించెను. చలనచిత్ర దర్శకుడుగా పేరుగాంచిన ఆయన, టెలివిజన్‌ను వినోదమునకే గాక విజ్ఞానమునకును సాధనముగా జేసెను. 1975-76లో ఉపగ్రహము ద్వారా 2,400 గ్రామములకు పాఠములు ప్రసారమయ్యెను. అందులకై ఆయన పల్లె పిల్లల కొరకు 21 చిన్న చిత్రములు తీసెను. 1987లో నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి నేతగాండ్ర కడగండ్లను ‘సుస్మన్’ చిత్రమున చూపెను. 1988లో నెహ్రూ చెరసాలలో రచించిన గ్రంథము ఆధారముగా ‘భారత్ ఏక్ ఖోజ్’ను 53 భాగములుగా రూపొందించెను. 2014లో ‘సంవిధాన్’ పేర రాజ్యాంగ రచనా వృత్తాంతమును పది భాగములలో తెరకెక్కించెను. అక్షరము రానివారు సైతము దేశచరిత్రను కన్నులార చూడగలిగిరి. 2024 డిసెంబరు 23న ఆయన కాలధర్మము నొందెను. నేతగాని మగ్గమును, రాజ్యాంగ సభను ఒకే శ్రద్ధతో చూడవలెననుట ఆయన కృషి నేర్పు పాఠము.