చీన-చిలాత పద పరిశీలన : విజయపురి, వేలగిరి శాసనాల నేపథ్యం

ఆంధ్రదేశ ప్రాకృత శాసనాలలో 'చీన' శబ్దం కనిపించే సందర్భం విశేషమైనది. ఇక్ష్వాకు ప్రభువైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరంలో ఉపాసిక బోధిశ్రీ విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, ఒక చైత్యగృహాన్ని నిర్మింపజేసింది. అందుకు సంబంధించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, ద్రమిళ, పాలూర, తామ్రపర్ణీ ద్వీపాలు వరుసగా పేర్కొనబడ్డాయి. ఈ పట్టికను బట్టి ఆంధ్ర భిక్షువులు చీనా సామ్రాజ్యంలో ధర్మప్రచారం చేశారని భావించడం సాధ్యమేనా అన్నది విచార్యం.

మొదట గమనింపదగినది కర్తృత్వం. ఆయా దేశాలను ప్రసన్నం చేసినవారుగా శాసనం పేర్కొన్నది తామ్రపర్ణికి, అనగా సింహళానికి చెందిన స్థవిరాచార్యులను. చైత్యగృహం వారి స్వీకారార్థమే సమర్పింపబడింది. కనుక ఆ కీర్తిని ఆంధ్ర భిక్షువులకు ఆరోపించడం శాసనవాక్యానికి విరుద్ధం.

రెండవది శబ్దస్వరూపం. చిలాత శబ్దం సంస్కృత కిరాత శబ్దభవం. కిరాత శబ్దంలో ఆది కకారానికి చకారం వచ్చుటను వరరుచి ప్రాకృతప్రకాశంలో విధించాడు. రకారం లకారమగుట ప్రాకృతంలో సుప్రసిద్ధం. చీన, కిరాత శబ్దాల సాహచర్యం మహాభారతంలోనూ కలదు. ప్రాగ్జ్యోతిషాధిపతియైన భగదత్తుని సేనలో కిరాతులు, చీనులు ఉన్నట్లు అందులో వర్ణింపబడింది. ప్రాగ్జ్యోతిషం తరువాతి కాలపు కామరూపం, నేటి అస్సాం ప్రాంతం.

మూడవది పట్టిక సంప్రదాయం. మహావంశంలో తృతీయ సంగీతి అనంతరం ధర్మదూతలు వెళ్లిన దేశాలలో కాశ్మీర-గాంధారం, వనవాసి, అపరాంతం, యవనదేశాలతోపాటు హిమవంతం ఉన్నది. విజయపురి పట్టికలో హిమవంత నామం లేదు. చీన-చిలాత జంట ఉన్నది. అందువల్ల ఇక్కడి చీన శబ్దం సుదూర సామ్రాజ్య రాజధానిని గాక, హిమాలయ ప్రాంతపు సరిహద్దు జనపదాలను సూచించుననుట సమంజసం.

ఈ సరిహద్దు భూమి భౌగోళిక స్థితిని చీనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ కొంత స్పష్టపరచాడు. సుమారు క్రీ.శ. 639లో ధాన్యకటకంలో ఉండి అభిధర్మాన్ని అభ్యసించిన ఆయన, తరువాత భాస్కరవర్మ ఆహ్వానంపై కామరూపానికి వెళ్లాడు. ఆ రాజ్యానికి తూర్పున కొండల వరుసలున్నవనీ, చీనా నైరుతి సరిహద్దు చేరడానికి సుమారు రెండు నెలల ప్రయాణమనీ ఆయన రచన తెలుపుతున్నది. ఆయన స్వదేశం చేరినది మాత్రం వాయవ్య మార్గాన, క్రీ.శ. 645లో.

ఇక వేలగిరి. బోధిశ్రీ శాసనానికి ఆరేళ్ల తరువాత, వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరంలో, సిద్ధార్థుడనే ఆవేశని, అనగా శిల్పాచార్యుడు, వేలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను ప్రతిష్ఠించాడు. ఆ వేలగిరియే తరువాతి బేతవోలు, నేటి జగ్గయ్యపేట. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట దానికి ఈ నామం ఉంచాడు. స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించి లోకానికి వెల్లడించాడు.

పాలేరు, నందిగామ ప్రాంతపు మున్నేరు, రెండూ తెలంగాణ మెట్టసీమల నుండి వచ్చి కృష్ణలో కలుస్తున్నవి. బోధిశ్రీ శాసనంలోనే పేర్కొనబడిన కంటకసోల, అనగా ఘంటసాల, కృష్ణా ముఖప్రాంతంలోనిది. విజయపురి, వేలగిరి, కంటకసోల ఒకే నదీవ్యవస్థలో ఇమిడి ఉండుట గమనార్హం. సింహళ స్థవిరుల రాకకు, శిల్పుల సంచారానికి ఈ భూస్థితి అనుకూలించినదే.

రెండు శాసనాలను కలిపి పరిశీలించినపుడు ఒక వివేకం ఏర్పడుతుంది. విజయపురి పట్టిక సంప్రదాయాగతమైన కీర్తనం. వేలగిరి లేఖనం తన చేతిపనిని తానే సమర్పించిన శిల్పి వాఙ్మూలం. మొదటిదానిని సామ్రాజ్య సంబంధాలకు ప్రత్యక్ష సాక్ష్యంగా గ్రహిస్తే చరిత్ర అతిశయోక్తి అవుతుంది. రెండవదానిని ఉపేక్షిస్తే స్థానిక చరిత్రయే లుప్తమవుతుంది. సుదూర దేశనామం కలిగించే గౌరవం కంటె, వేలగిరిలో నిలిచిన ఐదు స్తంభాలు ఇచ్చే నిశ్చయమే పరిశోధకునికి ప్రథమాధారం కాదగినది.