బంకమట్టి పొరలో కరిగిన పదార్థాల ప్రయాణం

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెట్టిన మొదటి రోజున ఒక ముక్కను కొరికి చూస్తే పైభాగం ఉప్పగా, లోపలి భాగం పుల్లగా ఉంటుంది. మూడవనాటికి ఉప్పు ముక్క నడిమికి చేరుతుంది. దానిని ఎవరూ లోపలికి నెట్టలేదు. ఎక్కువగా ఉన్న చోటు నుండి తక్కువగా ఉన్న చోటికి అది తనంతట తానే వ్యాపించింది. ముక్క పెద్దదైతే ఊరడానికి ఎక్కువ రోజులు పడుతుందన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన విషయమే. ఈ ప్రక్రియకు శాస్త్రంలో వ్యాపనం అని పేరు. మన వీధుల కింది బంకమట్టిలో కూడా ఇదే జరుగుతూ ఉంటుంది. బోరుబావి నీటి మంచిచెడ్డలు కొంతవరకు దీనిపై ఆధారపడి ఉన్నాయి.

ఇసుక, బంకమట్టి: భేదమేమి?

ఇసుక రేణువుల నడుమ ఖాళీలు పెద్దవి. వాటి గుండా నీరు ప్రవహిస్తుంది, తనలో కరిగిన వాటిని వెంట తీసుకుపోతుంది. బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో ఐదువందవ వంతు కన్నా చిన్నవి. పలుచని రేకుల వలె ఒకదానిపై ఒకటి అణగి ఉంటాయి. వాటి నడుమ నీరు నిండి ఉన్నా కదలడానికి తావు దాదాపు ఉండదు. నీరు నిలిచిపోయినా అందులో కరిగిన పదార్థాల అణువులు మాత్రం నిలకడగా ఉండవు. నిరంతరం అటూ ఇటూ కదులుతూ గాఢత తక్కువైన వైపునకు మెల్లగా చేరుకుంటాయి. ఈ కదలికకు సంబంధించిన నియమాన్ని 1855లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రకటించాడు.

దూరం పెరిగితే కాలం ఎంత పెరుగుతుంది?

వ్యాపనంలో దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది. దూరం పదింతలైతే కాలం నూరింతలవుతుంది. కదలని నీటిలో ఉప్పు 10 సెంటీమీటర్లు వ్యాపించడానికి సుమారు నెల పైచిలుకు పడుతుంది. దట్టమైన బంకమట్టిలో అంతే దూరానికి ఏడాదిన్నర పట్టవచ్చు. ఒక మీటరుకు 150 ఏళ్లు, పది మీటర్లకు 15 వేల ఏళ్లు అవసరమవుతాయి. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. అయినా పగుళ్లు లేని బంకమట్టి పొర ఎంతటి కావలిదో వీటిని బట్టి గ్రహించవచ్చు.

అన్ని పదార్థాలూ ఒకే వేగంతో సాగవు. బంకమట్టి రేకుల ఉపరితలంపై ఋణావేశం ఉంటుంది. ధనావేశం గల అమ్మోనియం, పొటాషియం వంటివి ఆ రేకులకు అంటుకొని ఆలస్యమవుతాయి. ఋణావేశం గల క్లోరైడు, నైట్రేటులను మట్టి పట్టి ఉంచదు. కావున కలుషితం చేరుతున్న బావిలో తొలుత ఉప్పదనం, నైట్రేటు పెరిగే అవకాశం ఎక్కువ.

స్విట్జర్లాండ్‌లోని ఒక ఉదాహరణ

స్విట్జర్లాండ్‌లోని మోంట్ టెర్రీ వద్ద 1996 నుండి ఒక భూగర్భ పరిశోధనశాల నడుస్తున్నది. అక్కడి బంకమట్టి శిల సుమారు 17.5 కోట్ల ఏళ్ల నాడు సముద్రం అడుగున ఏర్పడింది. ఆనాటి సముద్రపు ఉప్పు శేషాలు నేటికీ ఆ శిలలోని సూక్ష్మ రంధ్రాల నీటిలో ఉన్నాయి. శిల అంచుల వైపు ఉప్పు తగ్గుతూ, నడిమిన ఎక్కువగా కనిపిస్తుంది. లక్షల ఏళ్లుగా అది వ్యాపనం ద్వారానే బయటకు పోతున్నదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అణు వ్యర్థాలను భద్రపరచడానికి ఇటువంటి శిలలను స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాలు ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

మన ప్రాంతంలో

చెన్నై నేల అంతటా ఒకే తీరున ఉండదు. తీరానికి దగ్గరగా ఉన్న తండయార్‌పేట వైపు ఇసుక ఎక్కువ. మనకు ఆనుకొని ఉన్న పెరంబూరు వైపు బంకమట్టి ఎక్కువ. అయితే ఇది మోంట్ టెర్రీ శిల వంటిది కాదు. వయసులో చిన్నది, మెత్తనిది. ఇటువంటి నేలలో బంకమట్టి నడుమ ఇసుక చారలు ఉండవచ్చు. ఎండకు పైపొర పగుళ్లు తీస్తుంది. కావున బంకమట్టి ఉన్నదన్న ధీమాతో ఏమరుపాటు తగదు.

ఉత్తర చెన్నై చెత్త దశాబ్దాలుగా చేరుతున్న కొడుంగయ్యూరు మనకు పొరుగునే ఉంది. చెత్తపై వాన కురిసినప్పుడు దిగే ఊటలో లవణాలు, అమ్మోనియా, లోహాలు కరిగి ఉంటాయి. అక్కడి పాత చెత్తను తవ్వి వేరు చేసే పనిని నగరపాలక సంస్థ చేపట్టింది. ఇది ఎంతో అవసరమైన పని. అయితే చెత్త తొలగిన నాడే నేల శుభ్రమైనదని భావించరాదు. ఎన్నో ఏళ్లు బంకమట్టిలోకి ఊరిన పదార్థాలు, పైన గాఢత తగ్గిన తరువాత అదే మెల్లని నడకతో వెనుకకు రావచ్చు. లోపలికి పోవడానికి ఎంత కాలం పట్టిందో, బయటకు రావడానికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు.

మనం పాటించవలసినవి

బంకమట్టి పొరకు మనమే వేసే రంధ్రం బోరు. వ్యాపనానికి నూరేళ్లు పట్టే దూరాన్ని మురుగునీరు పాడుపడిన బోరు గొట్టం గుండా ఒక్క వానలో దాటగలదు. కావున:

• వాడుకలో లేని బోరును మూత పెట్టి వదిలివేయరాదు. నిపుణుల చేత అడుగు నుండి పై వరకు పూడ్పించాలి.

• వాడుకలో ఉన్న బోరు చుట్టూ సిమెంటు గట్టు కట్టించాలి. వీధి నీరు అక్కడ నిలువకుండా చూడాలి.

• తమిళనాడులో 2003 నుండి అన్ని భవనాలకూ వాననీటి సేకరణ తప్పనిసరి. బంకమట్టి నేలలో ఇంకుడు గుంతకు బోరు జతచేస్తారు గనుక, అందులోకి వడగట్టిన డాబా వాననీరు మాత్రమే పోవాలి. బట్టలు ఉతికిన నీరు, వాకిలి కడిగిన నీరు పోరాదు.

• బోరు నీటిని త్రాగేవారు ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవాలి. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. మించితే పసిబిడ్డలకు అపాయం. కాచినంత మాత్రాన నైట్రేటు గాని, ఉప్పు గాని పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది.

బంకమట్టి మనకు ఇచ్చేది కాలం. ఆ గడువులో చెత్తను, మురుగును అదుపు చేసుకుంటే దాని మేలు మన పిల్లలకు అందుతుంది. ఈలోగా మన పెరటిలో పాడుపడిన బోరు ఉన్నదేమో ఈ వారమే చూసుకుందాం.