పలాస ఫ్యాక్టరీకి ఒక బీఎస్సీ కావాలి

శ్రీముఖలింగంలో ముఖలింగేశ్వరుడి దర్శనం చేసుకుని వంశధార గట్టున కూర్చున్న డిగ్రీ పిల్లల్ని కదిపితే వినిపించే ఊళ్లు రెండే: విశాఖ, హైదరాబాద్. కెమిస్ట్రీ చదివితే ఫార్మా షిఫ్టు. తప్పేం లేదు. కానీ సైన్సూ వ్యాపారమూ కలిసేది అద్దాల మేడల్లోనే అనుకుని, సొంత జిల్లాలోని పలాసను లెక్కలోకే తీసుకోవడం లేదు.

పలాస జీడి ఫ్యాక్టరీలకు చుట్టుపక్కల ఉద్దానం పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచీ జీడిపిక్కలు వస్తాయి. సరుకు మారితే తేమ మారుతుంది. పిక్కను ఉడికించి, కోసి, పప్పును బొరమాలో ఆరబెట్టి, పొర తీసి గ్రేడు చేస్తారు. డబ్ల్యూ 320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు. ఆరడం తక్కువైతే పొర ఊడదు. ఎక్కువైతే గుండు బద్దవుతుంది, ధర పడిపోతుంది. అనుభవమున్న చెయ్యి తాకి చెప్పేస్తుంది. ఆ చేతి నేర్పును డిగ్రీల్లో, నిమిషాల్లో రాసిపెట్టి, ఏ సరుకొచ్చినా పప్పు విరగడం తగ్గించేవారు దొరికితే ఆ లాభం యజమానికి గల్లాపెట్టెలోనే కనిపిస్తుంది. తొక్కలోని జీడినూనెది మరో కథ. చిన్నప్పుడు మన చేతులు పొక్కించిన ఆ జీడే బ్రేకు లైనింగులకు, రంగులకు ముడిసరుకు.

జీడి ఒక్కటే కాదు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం ‘హిమ’ అనే తెల్లగింజ చోడి రకాన్ని ఇచ్చింది. అంబలి రంగు చూసి మొహం చిట్లించే పిల్లలకు దీంతో బిస్కెట్ చేయొచ్చు. అయితే విత్తనం విడుదలైనంత మాత్రాన బిస్కెట్ తయారైపోదు. పిండి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, రైతుకు ఏ ధర గిట్టుతుంది అన్న రెండు లెక్కలూ తెలిసిన మనిషి మధ్యలో ఉండాలి.

ఇంటర్ బైపీసీ వాళ్లకు నైరా వ్యవసాయ కళాశాల దగ్గరే ఉంది. ఫుడ్ టెక్నాలజీ బీటెక్‌కు బాపట్ల లాంటి చోటికి వెళ్లాలి. డిగ్రీ అయిపోయినవాళ్లు తేమ, కొవ్వు, ఆమ్లత పరీక్షలు చేతికి తెచ్చుకుని, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార భద్రతా నిబంధనలు చదివితే మొదలుపెట్టడానికి చాలు. మొదటి జీతం ఫార్మా కన్నా తక్కువే ఉండొచ్చు. చిన్న ఫ్యాక్టరీల్లో ఈ పోస్టుకు పేరుండదు, ప్రకటనా రాదు. మనమే వెళ్లి అడగాలి.

సొంతంగా పెట్టాలనుకుంటే, చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. గడువు కనుక్కుని దరఖాస్తు చేయండి. 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖలోనూ కేంద్రం ఉంది. ఉత్త చేతులతో వెళ్తే అక్కడ ఉపన్యాసం వినొస్తారు. బొరమా దగ్గర నెల రోజులు రాసుకున్న నోటుబుక్కు పట్టుకెళ్తే ప్రశ్నలడుగుతారు.

శ్రీముఖలింగంలో శివరాత్రి చక్రతీర్థ స్నానాలయ్యాక కొన్ని వారాలకు ఉద్దానంలో పిక్కలు రాలతాయి. ఆ సీజన్లో ఫ్యాక్టరీకి వెళ్తే యజమానికి మాట్లాడే తీరికుండదు గానీ, పనంతా కళ్లముందే నడుస్తుంటుంది.