హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరుకు ఏ వాల్వు?

పాత రేడియో పెట్టె వెనక అట్ట విప్పితే ఎర్రగా వెలుగుతూ కనిపించే గాజు బుడ్లను పెద్దవాళ్ళు వాల్వులు అనేవారు. పుస్తకాల్లో వాటి పేరు శూన్య నాళికలు. 1906లో లీ డి ఫారెస్ట్ కాథోడు, ఆనోడులకు తోడు గ్రిడ్ అనే మూడో ఎలక్ట్రోడును చేర్చడంతో ట్రయోడుకు దారి పడింది. ట్రాన్సిస్టరు వచ్చాక వీటి పని అయిపోయిందనుకున్నారు గానీ, పాటలు శ్రద్ధగా వినేవాళ్ళు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లలో ఇప్పటికీ వాడుతున్నారు. ఎలక్ట్రానిక్స్ మీద మోజున్న మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎప్పుడో ఒకనాడు ఇలాంటిది కట్టకమానరు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

అందరూ మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. మొదట చూడవలసింది హీటరు.

వాల్వు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. 6డీజే8 అంటే హీటరుకు 6.3 వోల్టులు, 12ఏయూ7 అంటే 12.6 వోల్టులు. యూరప్ పద్ధతిలో ఇవే ఈసీసీ88, ఈసీసీ82. అక్కడ 'ఈ' అక్షరం 6.3 వోల్టులకు గుర్తు, రెండు 'సీ'లు ఒకే గాజులో రెండు ట్రయోడులున్నాయని చెబుతాయి. మరి 12ఏయూ7కు కూడా 'ఈ' ఎందుకు? దాని హీటరు రెండు భాగాలు. వాటిని శ్రేణిలో కలిపితే 12.6, సమాంతరంగా కలిపితే 6.3. ఆ రెండు భాగాలు కలిసేచోటు 9వ పిన్ను. 6డీజే8లో మాత్రం 9వ పిన్ను లోపలి కవచానిది. రెండూ తొమ్మిది పిన్నులవే కాబట్టి ఒకే సాకెట్టులో చక్కగా దిగుతాయి. దిగింది కదా అని 12.6 వోల్టుల సాకెట్టులో 6డీజే8 పెట్టాను నేను. ధగ్గున వెలిగి ఆరిపోయింది. నెలంతా చెప్పిన ట్యూషన్ డబ్బులు దానితోనే పోయాయి.

తర్వాత చూడవలసింది హెడ్‌ఫోను. ఒక వోల్టు సంకేతానికి 300 ఓముల హెడ్‌ఫోను 3.3 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 32 ఓములదానికి 31 కావాలి. 12ఏఎక్స్7 వర్ధక గుణకం 100, కానీ అందులో మామూలుగా పారే కరెంటు 1.2 మిల్లీ ఆంపియర్లే. అది ముందు అంచెలో పనికొస్తుంది, హెడ్‌ఫోనును నడపలేదు. చివరి అంచెకు 6080 లాంటిది కావాలి. దాని గుణకం 2 మాత్రమే అయినా అంతర నిరోధం 280 ఓములే. అయితే దాని హీటరుకే 2.5 ఆంపియర్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు అంత ఇవ్వగలదో లేదో ముందే చూసుకోండి.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేని సర్క్యూట్లో చివర ఒక కెపాసిటరు ఉంటుంది. అది 100 మైక్రోఫారాడులదైతే, 300 ఓముల హెడ్‌ఫోనులో 5 హెర్ట్జ్ దాకా శబ్దం దిగుతుంది. 32 ఓములకు 50 హెర్ట్జ్ దగ్గరే తగ్గిపోతుంది. డోలు మోత పలచబడితే వాల్వును తిట్టి లాభం లేదు.

ఇప్పుడు కంపెనీ సంగతి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు చేసిన వాల్వులు పాత సామాను అంగడిలో కనిపిస్తే, విదేశీ పేరు లేదని పక్కన పెట్టకండి. గాజు లోపలి వెండిరంగు మచ్చ చూడండి. అది తెల్లబడితే లోపలికి గాలి చేరినట్లే, ఉచితంగా ఇచ్చినా వద్దు. ఆన్ చేసి పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు చెవిలో గంటలా మోగితే ముందు అంచెకు పనికిరాదు.

ఈ సర్క్యూట్లలో 100 నుంచి 300 వోల్టుల డి.సి. ఉంటుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. మీటరుతో కొలిచి సున్నా అయ్యిందని చూశాకే చెయ్యి పెట్టాలి. మొదటిసారి ఒంటరిగా చెయ్యకండి, తెలిసిన అన్ననో మాస్టారునో పక్కన ఉంచుకోండి. స్విచ్ వేశాక కూడా ఒక నిమిషం ఆగి, ఔట్‌పుట్ దగ్గర డి.సి. లేదని మీటరులో చూసుకుని, అప్పుడు హెడ్‌ఫోను పిన్ను గుచ్చండి.