తొమ్మిదో తరగతిలో మొదలైన ఆట

టిమ్ డంకన్ చిన్నప్పుడు ఈతగాడు. కరీబియన్ సముద్రంలోని అమెరికా వర్జిన్ దీవుల్లో ఒకటైన సెయింట్ క్రాయ్‌లో పుట్టి పెరిగాడు. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 1992 ఒలింపిక్స్‌కు వెళ్లాలని ఆశపడ్డాడు. 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను ఆ దీవిలో ఉన్న ఒకే ఒక్క ఒలింపిక్ స్విమ్మింగ్ పూల్‌ను ధ్వంసం చేసింది. సముద్రంలో సాధన చేద్దామంటే సొరచేపల భయం. మరుసటి ఏడాది, అతని 14వ పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు, తల్లి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఈత మీద మిగిలిన కాస్త ఆసక్తీ పోయింది.

బాస్కెట్‌బాల్ పట్టుకున్నది 9వ తరగతిలో. మన ఇళ్లలో "ఇక ఆటలు చాలు, పుస్తకం తియ్" అనేది ఆ తరగతిలోనే కదా!

అలాగని డంకన్ చదువు వదల్లేదు. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో ఉండగానే, మధ్యలో మానేసి ఎన్‌బీఏకు వెళ్తే కోట్లు చేతికొచ్చేవి. వెళ్లలేదు. డిగ్రీ పూర్తి చేస్తానని అమ్మకు మాటిచ్చాడు. అడగడానికి ఆమె లేకపోయినా నాలుగేళ్లూ చదివి, 1997లో సైకాలజీ పట్టా తీసుకున్నాడు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడిగా శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అతన్నే ఎంచుకుంది. 19 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడి, 5 టైటిళ్లు గెలిపించి 2016లో రిటైరయ్యాడు.

అతని ముద్దుపేరు 'బిగ్ ఫండమెంటల్'. హంగులేని ఆట. ఎక్కువగా గుర్తుండిపోయింది బ్యాంక్ షాట్: బంతిని నేరుగా రింగులోకి కాకుండా, వెనక బోర్డుకు కొట్టి లోపల పడేయడం. ఈసారి స్కూలుకు వచ్చినప్పుడు మీ పిల్లల్ని ఒకటి వేసి చూపించమనండి. రింగు పైన ఆ దీర్ఘచతురస్రం ఎందుకు గీశారో వాళ్లే చెప్తారు.