“నేనెవరో చెప్పు?” అని అడగకండి

ఊరి నుంచి చుట్టం రాగానే డిమెన్షియా ఉన్న పెద్దామె ముందు నిలబెట్టి, “అమ్మమ్మా, ఈయనెవరో చెప్పు చూద్దాం” అని అడగడం చాలా ఇళ్ళలో చూస్తుంటాము. ఆమె తెల్లబోయి చూస్తుంది. మళ్ళీ అడుగుతారు. అడిగేది ప్రేమతోనే, కాని ఆమెకు అది పరీక్ష. రోజుకు పదిసార్లు పరీక్ష తప్పితే ఎవరైనా నోరు మెదపడం మానేస్తారు.

అల్జీమర్స్ వంటి జబ్బుల్లో సాధారణంగా మొదట చెరిగిపోయేవి ఇటీవలి సంగతులు. పాట, నవ్వు, ఊహ చాలాకాలం మిగిలే ఉంటాయి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఆన్ బాస్టింగ్ అనే నాటకరంగ కళాకారిణి 1990లలో ఈ సంగతి గమనించారు. వృద్ధుల సంరక్షణాలయంలో పాత జ్ఞాపకాలు అడిగితే ఎవరూ పలకలేదు. ఒకరోజు పత్రికలోంచి కౌబాయ్ బొమ్మ చించి చూపించి, ఇతనికి ఏం పేరు పెడదామని అడిగారు. ఒక్కొక్కరే నోరు విప్పి కథ అల్లారు. అదే 1998లో ‘టైమ్‌స్లిప్స్’ అనే పద్ధతి అయింది. 2016లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ లభించింది.

దీనికి ఖర్చేమీ లేదు. పాత క్యాలెండరు బొమ్మ చాలు. టీవీ కట్టేసి, ఎదురుగా ఆమె కళ్ళ ఎత్తులో కూర్చోండి. కళ్ళజోడు పెట్టారో లేదో చూడండి. “ఈ ఎద్దుల బండి ఎక్కడికి పోతోంది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. “పెళ్ళికి” అంటే పెళ్ళికే. ఎవరి పెళ్ళి, ఏం వండారు అని ఒక్కొక్కటే అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించండి. దిద్దవద్దు. (ఈ పని పెద్దవాళ్ళకంటే మనవలు బాగా చేస్తారు.) మాట రానివారికి మల్లెపూలో చిక్కుడుకాయలో చేతికివ్వండి, చేతులకు పని గుర్తుంటుంది. తెలిసిన పాట ఎత్తుకుంటే తానే అందుకోవచ్చు.

ఎప్పుడో చనిపోయిన భర్త కోసం ఎదురుచూస్తుంటే? “ఆయన పోయాడుగా!” అంటే ఆ దుఃఖం ఆమెకు ప్రతిసారీ కొత్తదే. “తాతయ్యకు ఏ కూర ఇష్టం?” అని అడిగి చూడండి. మేమైతే ఇదే మేలంటాము.

ఒక్క జాగ్రత్త. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా అయోమయంలో పడితే, జబ్బు ముదిరిందనుకుని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు కారణం కావచ్చు. వాడుతున్న మందులన్నీ వెంట పట్టుకుని అదే రోజు డాక్టరుకు చూపించండి.