కొత్తదనానికి కొలబద్ద

గండిమైసమ్మ కూడలిలో నిలబడితే ఒక దారి నర్సాపూర్‌కు, ఒకటి మేడ్చల్‌కు, ఒకటి మియాపూర్‌కు, మరొకటి జీడిమెట్ల మీదుగా బాలానగర్‌కు పోతుంది. ఈ చుట్టుపక్కల చిన్నా పెద్దా కర్మాగారాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎంతమంది పనిచేస్తున్నారో, ఎంత సరుకు తయారవుతున్నదో లెక్కకట్టవచ్చు. మరి "వీటిలో ఎన్ని కొత్తగా ఏదైనా చేశాయి?" అని అడిగితే? కొత్తదనాన్ని తూచే కాటా ఎక్కడ దొరుకుతుంది?

పేటెంట్లు లెక్కపెడితే సరిపోదా అంటారేమో. సరిపోదు. పేటెంటు తీసుకుని బీరువాలో దాచినవారు ఉన్నారు. పేటెంటు జోలికే పోకుండా యంత్రాన్ని బాగుచేసుకున్న మేస్త్రీలూ ఉన్నారు.

అందుకే 1992లో ఓఇసిడి అనే దేశాల కూటమి 'ఓస్లో మాన్యువల్' అనే పుస్తకం వెలువరించింది. దాని నాలుగో కూర్పు 2018లో వచ్చింది. ఒక సంస్థ, తాను అంతకుముందు చేస్తున్నదానికంటే చెప్పుకోదగినంత వేరైన వస్తువునో, సేవనో, పద్ధతినో వాడుకలోకి తెస్తే అది 'నవకల్పన' అని ఈ పుస్తకం చెప్పే మాటకు సారాంశం.

ఒక షెడ్డులో ప్లాస్టిక్ బకెట్లు చేస్తున్నారనుకోండి. ఎర్ర బకెట్టుకు బదులు నీలం బకెట్టు చేస్తే అది నవకల్పన కాదు. అచ్చు మార్చి, తక్కువ ప్లాస్టిక్‌తోనే అంత గట్టి బకెట్టు చేస్తే నవకల్పనే. పక్క షెడ్డువాడు నాలుగేళ్ళ కిందటే ఆ పని చేసి ఉన్నా సరే! ఎవరి కొత్తదనాన్ని వారి నిన్నటితోనే పోల్చాలి.

ఇది మరీ ఉదారమైన లెక్క అనిపిస్తున్నదా? అందుకే ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: కొత్త ఎవరికి? సంస్థకా, మార్కెట్టుకా, ప్రపంచానికా? మేడ్చల్‌లో కర్మాగారం పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను మార్కెట్టులోకి తెచ్చింది. జన్యువును ఈస్టు కణంలో ప్రవేశపెట్టి, ఆ కణాలచేత టీకా పదార్థాన్ని చేయించడం దీని కిటుకు. ఇటువంటి టీకా అమెరికాలో 1986లోనే వచ్చింది. కనుక ప్రపంచానికి కొత్త కాదు. మన దేశంలో ఇలా తయారైనవాటిలో మాత్రం ఇదే మొదటిది. ప్రపంచానికి కొత్తవాటినే లెక్కించే పద్ధతిలో దీనికి చోటే ఉండదు. అది మంచి లెక్క కాదని నా అభిప్రాయం.

మరి ప్రయత్నించి విఫలమైనవారో? వారి కృషినీ 'నవకల్పన కార్యకలాపం' కింద నమోదు చేస్తారు. నీళ్ళు పడనంత మాత్రాన బోరు వేయలేదని అనలేం గదా!

దేశంలోని కర్మాగారాలన్నిటినీ అడగడం అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. కాని కర్మాగారాలు ఒకే కుండలోని మెతుకులు కావు. చిన్నవీ పెద్దవీ, మందులవీ బట్టలవీ, అన్ని రకాలనుంచీ కొన్నింటిని ఎంచుకోవాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 2021-22లో జరిపిన సర్వేలో 8,074 సంస్థల వివరాలు చూస్తే, వాటిలో దాదాపు 25 శాతం నవకల్పన చేసినవని తేలింది. తెలంగాణలో ఈ వాటా 46 శాతం, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. అయితే అదే సర్వేలో, మరికొన్ని అంశాలను కూడా కలిపి వేసిన సూచికలో మొదటి స్థానం కర్ణాటకది! ఒకే సర్వే, రెండు కొలబద్దలు, ఇద్దరు మొదటివారు. కనుక "ఫలానా రాష్ట్రం మొదటిది" అని పత్రికలో కనిపిస్తే, దేన్ని కొలిచారో చూడండి.

ఇప్పుడు మీ వీధిలోని పిండిమర, సైకిల్ షాపు, దర్జీ దుకాణానికి వెళ్ళండి. "గడిచిన మూడేళ్ళలో మీ పనిలో కొత్తగా ఏం మార్చారు?" అని అడిగి రాసుకోండి. ఆ జవాబుల్లో ఏవి నీలం బకెట్లో, ఏవి కొత్త అచ్చులో విడదీయండి. అసలు కష్టం అక్కడే ఎదురవుతుంది.